మైనర్ పాటలో రెండు నిషాదాలు



మన గోదావరిఖనిలో గిటారు వాయించే తమ్ముడొకడు ఫస్టు షిఫ్టు దిగి సాధనకు వచ్చి, "అయ్యగారూ, జాజ్ సంగీతంలో ఒక కార్డుకు బదులు ఇంకొకటి వేస్తారట. మన కీర్తనలకు వేయవచ్చునా?" అని అడిగాడు. వేయవచ్చును. అయితే ముందు పాడేవారి నిషాదం వినాలి.

ఏ మైనర్‌లో 'ఏ'ను షడ్జమం అనుకోండి. నటభైరవిలో నిషాదం కైశికి, అంటే జి. కీరవాణిలో కాకలి, అంటే జి షార్పు. మిగిలిన ఆరు స్వరాలు ఒక్కటే. కాని పంచమం మీద కార్డు కట్టేసరికి, మొదటి దానిలో ఈ మైనర్, రెండవ దానిలో ఈ మేజర్ వస్తాయి.

వేదాంత కళాశాల నుండి వచ్చిన కొత్తలో నాకిది పట్టలేదు. ఒక పల్లె సంఘంలో ముసలమ్మ కైశికి నిషాదంతో పాడుతుంటే, హార్మోనియం మీద నేను ఈ మేజర్ నొక్కాను. ఆమె తప్పు పాడుతున్నదనుకొన్నాను. ఆమె ఆ చరణంలోనే ఆగిపోయింది. తప్పు నాది. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) కర్ణాటక రాగాలలో కీర్తనలు కట్టినది కార్డుల కోసం కాదు గదా!

ఇక బదులు కార్డులు. ఈ సెవెన్త్‌కు ప్రాణం జి షార్పు, డి. ఆ రెండూ బి ఫ్లాట్ సెవెన్త్‌లోనూ ఉన్నాయి. అక్కడ జి షార్పును ఏ ఫ్లాట్ అంటారు, మెట్టు అదే. అందుకే ఈ సెవెన్త్ స్థానంలో దానిని వేస్తే, కింది స్వరం అర మెట్టు దిగి ఇంటికి, అంటే ఏ మైనర్‌కు చేరుతుంది. చిక్కేమంటే, బి ఫ్లాట్ శుద్ధ రిషభం. అది ఈ రెండు రాగాలలోనూ లేదు. పాడేవారు బి మీద నిలిస్తే రెండూ కొట్టుకొంటాయి. జి షార్పు డిమినిష్డ్ అలా కాదు. దాని నాలుగు స్వరాలూ కీరవాణివే. అది క్షేమం.

కార్డులు ఎక్కువైతేనే జాజ్ అనుకోవద్దు. 1959లో మైల్స్ డేవిస్ 'సో వాట్'లో అర మెట్టు తేడాగల రెండే మైనర్ స్థానాల మీద నిలిచాడు. స్వరాలు చూస్తే మన ఖరహరప్రియవే.

తమ్ముడితో ఇలా ఒప్పందం చేసుకొన్నాను: సంఘం పాడేటప్పుడు, నిషాదం తేలనిచోట ఏ, ఈ తీగెలు మాత్రమే. చరణాల మధ్య ఖాళీ అతనిది. కీరవాణిలో తిరిగి, బి ఫ్లాట్ సెవెన్త్ వచ్చిన క్షణం మాత్రం బిని బి ఫ్లాట్ చేయాలి.

పోయిన ఆదివారం వేశాడు. చాపమీది పెద్దమ్మలు తల తిప్పి చూశారు గాని, తర్వాతి చరణం సరిగ్గానే ఎత్తుకొన్నారు.