కాలిన కచేరి - మిగిలిన నకళ్లు



అమెరికాలోని చికాగో నగరమున 1853లో కుక్ కౌంటీ న్యాయస్థాన భవనము నిర్మింపబడెను. కౌంటీ యనగా మన జిల్లా వంటిది. 1865లో అధ్యక్షుడు లింకను పార్థివ దేహమును ప్రజలు అచటనే దర్శించుకొనిరి.

1871 అక్టోబరులో నగరమును దహించిన మహాగ్నికి ఆ భవనము ఆహుతి యయ్యెను. భూముల రిజిస్టరులును భస్మమయ్యెను. ఏ భూమి యెవరిదో నిరూపించుటకు సర్కారు దాఖలా లేకపోయెను. అయితే హక్కుల వివరములు సంగ్రహించి వ్రాసియిచ్చు కొన్ని ప్రైవేటు సంస్థలవారు తమ పుస్తకములను మంటలనుండి కాపాడిరి. 1872లో ఇల్లినాయ్ రాష్ట్ర శాసనసభ చట్టము చేసి, అట్టి పుస్తకములను సాక్ష్యముగా స్వీకరించుటకు వీలు కల్పించెను.

అదే స్థలమున తరువాత లేచిన భవనమును సైతము 20వ శతాబ్ది తొలినాళ్లలో పడగొట్టిరి. గోడలను మరల కట్టవచ్చును. నకలు లేని దాఖలాను మరల వ్రాయుట దుర్లభము. నిప్పు, చెదలు, వరద చెప్పి రావు. మీ రిజిస్టరుల నకళ్లను వేరొకచోట భద్రపరచుడు.