ఆటపెట్టెకు దేశపు తాళము



టెలివిజనునకు తగిలించి పిల్లలాడుకొను ఆటపెట్టెలు మీ యిండ్లలోను ఉండవచ్చును. ఒక దేశమున కొన్న ఆట మఱియొక దేశపు పెట్టెలో నడువకుండ తయారుచేయువారే కట్టడిచేయుట కలదు. నేడు దానినిగూర్చి చెప్పెదను.

నింటెండోవారు 1983లో జపానున విడుదలచేసిన పెట్టెలో ఆటబిళ్లకు 60 లోహపు కొసలు. 1985లో అమెరికాకు పంపినదానిలో 72. అంతేకాక అమెరికా పెట్టెలో కావలిగా నొక చిప్‌ను అమర్చిరి. బిళ్లలో దానికి జోడు లేనిచో ఆట సాగదు.

టెలివిజను పద్ధతులు వేఱగుట యొక కారణము. జపాను, అమెరికాలలో తెఱపై బొమ్మ సెకనుకు 60 మారులు, ఐరోపాలో 50 మారులు మాఱెడిది. కాని 2011నాటి 3డీఎస్ అను చేతిపెట్టెకు స్వంత తెఱ యున్నను తాళము తప్పలేదు. కావున అసలు కారణము వర్తకమని నా యభిప్రాయము. ఒక్కొక్కచోట ఒక్కొక్క ధర, ఒక్కొక్క విడుదల దినము నిలుపుకొనుటకే యీ గోడ.

2017నాటి స్విచ్‌లో సామాన్యముగా ఏ దేశపు బిళ్లయైనను ఆడును. అయినను 2025లో జపానున 49,980 యెన్లకు వచ్చిన స్విచ్ 2 జపాను భాషకే, జపాను ఖాతాకే పరిమితము, పలుభాషలది 69,980.

బియ్యమమ్మినవాడు ఏ యూరి పొయ్యిమీద వండెదవని యడుగడు. వెలయిచ్చి కొన్నదానిని ఎచ్చటనైన వాడుకొను హక్కు కొన్నవానిది కావలెను.

అంతవఱకు ఒక జాగ్రత్త. విదేశమునుండి వచ్చు మీ బిడ్డలు మనుమలకై ఆట తెత్తుమన్నచో, ఇంటనున్న పెట్టె పేరును, అది ఏ దేశపుదో కూడ ముందుగా తెలుపుడు. విప్పిన యాటను దుకాణదారులు సాధారణముగా తిరిగి తీసికొనరు.