ముహూర్తానికి, విందుకు నడుమ



వివాహం నిశ్చయమైన ఇంట మనవారు మొదట అడిగేది ముహూర్తమెప్పుడని; రెండవది రిసెప్షన్ ఎక్కడని. ఈ రెండింటి నడుమనున్న కాలాన్ని గూర్చి విచారించేవారు అరుదు. శుభలేఖలో దానికొక పంక్తి లేదు. ఖర్చుల పట్టీలో దానికొక పద్దు లేదు. అయినను వధూవరులు దంపతులయ్యేది ఆ కాలంలోనే. కనుక నేడు ఆ కొద్ది గంటలను గూర్చి మనవి చేస్తాను.

సుముహూర్త సమయాన జీలకర్ర బెల్లం శిరస్సున నిలుస్తాయి. మంగళవాద్యాలు మ్రోగుతాయి, అక్షతలు పడుతాయి. మాంగల్యధారణ, తలంబ్రాలు ముగిసీముగియకముందే సగం మంది భోజనాల పంక్తి వైపు నడుస్తారు. వివాహం ముగిసినదనుకొంటారు. కాని అగ్ని సాక్షిగా జరుగవలసిన పాణిగ్రహణం, సప్తపది, లాజహోమం, అరుంధతీ దర్శనం ఇంకను మిగిలియే ఉన్నవి.

సప్తపదిలో ఒక్కొక్క అడుగుకు ఒక్కొక్క సంకల్పం: అన్నం, బలం, వ్రతం, సుఖం, పశుసంపద, ఋతువుల అనుకూల్యం, యజ్ఞకర్మ. ఏడవ అడుగు పడిన పిదప వరుడు వధువును సఖి అని పిలుస్తాడు. భార్య అనుటకు ముందు సఖి అనుమన్నది మన సంప్రదాయం. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడ, సప్తపది ఆచారంగా ఉన్నవారికి ఏడవ అడుగుతోనే వివాహం సంపూర్ణమగునని చెప్పినది. హిందూ వివాహమనగా ఆటపాటలకు, విందువినోదాలకు మాత్రమే ఏర్పడిన సందర్భం కాదని 2024లో సుప్రీంకోర్టు కూడ హెచ్చరించినది. శాస్త్రమూ చట్టమూ ఏకకంఠంతో ముఖ్యమన్నదానిని మనం ఫోటోగ్రాఫరు తొందరకు లోబడి కుదించడం ఎంతవరకు ఉచితం?

పూర్వం ఈ తొందర లేదు. వివాహానంతరం మూడు రాత్రులు దంపతులు నేలపై శయనించి, బ్రహ్మచర్యం పాటించి, ఉప్పుకారాలు విడువవలెనని ఆపస్తంబ గృహ్యసూత్రం విధించినది. దాని అంతరార్థం గమనించండి. అపరిచితులైన ఇరువురికి పరస్పరం అలవాటుపడుటకు పెద్దలు మూడు దినాల వ్యవధి ఇచ్చినారు. ఐదు రోజుల పెళ్లిళ్లు పోయి ఒక్క పూట పెళ్లిళ్లు వచ్చినవి. ఉద్యోగాలు, సెలవులు, దూరప్రయాణాలు కారణాలు. వానిని నిందించి ప్రయోజనం లేదు. కాని మూడు దినాలకు మారుగా మూడు గంటలైనను ఆ పిల్లలకు మిగల్చలేమా?

ఒక లెక్క వేసి చూడండి. ఉదయం 10 గంటలకు సుముహూర్తం, అదే దినం సాయంకాలం 7 గంటలకు విందు అనుకొందాం. నడుమ 9 గంటలు. మిగిలిన వైదిక కర్మకు రెండున్నర గంటలు. భోజనానికి ఒక గంట. అప్పగింతలకు, అత్తవారింటి ప్రయాణానికి, గృహప్రవేశానికి రెండు గంటలు. విశ్రాంతికి రెండు గంటలు. అలంకారానికి గంటన్నర. తొమ్మిది గంటలూ నిండినవి. ఇందులో ఫోటోలకు, బంధువుల పలకరింపులకు, దారిలో ఆలస్యానికి చోటు లేదు. చోటు చాలనప్పుడు మనం కోత వేసేది దేనికి? మొదట హోమానికి. పిదప అప్పగింతలకు. చివరకు విశ్రాంతికి. విందును మాత్రం నిమిషమైనను తగ్గించము.

కాబట్టి కర్తలు ముందుగా చేయవలసినవి కొన్ని ఉన్నవి. మాంగల్యధారణానంతరం ఎంతసేపు పట్టునో పురోహితుని అడిగి, ఆ కాలాన్ని ఇతరులెవ్వరు తీసుకొనకుండ కట్టుదిట్టం చేయండి. ఫోటోగ్రాఫరుకు వేళ నిర్ణయించి చెప్పండి. వీలైనచో విందును మరునాటికి మార్చండి. అది ఎట్లును మగపెళ్లివారింట జరుగుట మన వాడుకయే. గౌరీపూజ నాటి నుండి ఉపవాసమున్న వధువుకు, వరునికి హోమం ముగియగానే ఆహారం అందించే బాధ్యత ఒక్కరికి ప్రత్యేకంగా అప్పగించండి. అందరు చూతురనుకొన్న పనిని ఎవ్వరు చూడరు. మధుమేహమున్న వృద్ధులను పంక్తి కొరకు నిరీక్షింపజేయక వేళకు భోజనం పెట్టండి. దూరం నుండి వచ్చి సాయంకాలం దాకా నిలిచే బంధువులకు నడుము వాల్చుటకొక గది చూపండి.

అప్పగింతలను గూర్చి ఒక్క మాట. కుమార్తె చేతులను పాలలో తడిపి అత్తమామల చేతులలో పెట్టే ఆ ఘడియలో తల్లి కంఠం పెగలదు. బయట కారు సిద్ధంగా ఉన్నదని, ఆలస్యమగుచున్నదని అప్పుడు కేకలు వేయకండి. ఇరువది ఐదేండ్లు పెంచిన బిడ్డను అప్పగించే తల్లికి పావుగంట ఇవ్వలేని విందు ఎంత గొప్పదైనను చిన్నదే.

ఇక అరుంధతీ దర్శనం. పట్టపగలు మండపం వెలుపలికి తీసుకొనిపోయి ఆకాశం వైపు వ్రేలు చూపి ముగిస్తున్నాము. సప్తర్షి మండలపు తోకలో నడిమి నక్షత్రం వశిష్ఠుడు. ఆయనను అంటి మినుకుమనే చిన్న చుక్క అరుంధతి. వైశాఖ జ్యేష్ఠాలలో చీకటి పడిన కొంతసేపటికే ఉత్తరాకాశాన ఎత్తుగా కనిపిస్తుంది. కార్తీక మార్గశిరాలలో అర్ధరాత్రి ప్రాంతమునగాని, అటుపిమ్మటగాని ఉదయించదు. విందు ముగిసిన రాత్రి, దీపాలు ఆర్పిన పిదప, ఆ దంపతులను మేడపైకి పంపండి. నిజంగా చూడనివ్వండి.

స్థూలారుంధతీ న్యాయమని పెద్దలు చెప్పుదురు. సూక్ష్మమైన అరుంధతిని చూపుటకు ముందుగా దాని చెంత నున్న పెద్ద నక్షత్రాన్ని చూపి, పిదప అది కాదు, దాని ప్రక్కనున్నదని చెప్పవలెను. మన విందులు, వేదికలు, విద్యుద్దీపాలు ఆ పెద్ద నక్షత్రం వంటివి. అవి అక్కరలేదని అనను. బంధుమిత్రుల ఆశీస్సు అవసరమే. కాని చూపు అచ్చటనే ఆగిపోరాదు. దాని ప్రక్కన ఇరువురి నడుమ అప్పుడప్పుడే వెలుగుచున్న సూక్ష్మమైన స్నేహమొకటి ఉన్నది. దానిని చూచుటకు కొంత చీకటి, కొంత నిశ్శబ్దం, కొంత తీరిక కావలెను. ఆ తీరికను కల్పించుటయే పెద్దలమైన మనం ఈయగల తొలి కానుక.

స్వస్తి.