పేరు కాదు, గుణమే ప్రమాణము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



రజతోత్సవమనగా వెండి పండుగ. ఈ వెండి పండుగనాడు, వెండివలె మెఱయుచు వెండి కాని నికెల్ అను లోహమును గుఱించియు, అది గంధకముతో గూడి భూగర్భమున ధరించు ఒక అరుదైన రూపమును గుఱించియు నాలుగు మాటలు మనవి చేయ నిశ్చయించితిని. ఆ ఖనిజము పేరు మిల్లరైట్. దానిని మన కోసిగి కొండలలో వెదకుడని చెప్పుట నా యభిప్రాయము కాదు. ఒక రాయి ఏ జాతిదో పండితులు ఎట్లు నిర్ణయింతురో ఈ ఖనిజము చరిత్రవలన చక్కగా తెలియును. ఆ తెలివి మన సీమవారికి మిక్కిలి అవసరము. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలలో వజ్రముల కొఱకు వంగి వెదకువారు మనవారే కదా! చేతికి దొరకిన రాయి యేదో ఎఱుగనివాడు పరులు చెప్పిన వెలకే దానిని ఇచ్చివేయవలసినవాడగును.

మొదట నికెల్ సంగతి. పూర్వము జర్మనీ దేశపు గనులలో రాగిరంగు గల యొక ముడి ఖనిజము దొరకెడిది. దానిని కొలిమిలో ఎంత కాచినను రాగి దిగకుండెను. కొంటె దయ్యమేదో తమ రాగిని హరించినదని తలచి గని పనివారు దానికి కుప్ఫర్‌నికెల్, అనగా దయ్యపు రాగి, అని పేరిడిరి. 1751లో స్వీడన్ దేశీయుడగు క్రోన్‌స్టెట్ పరిశోధన చేసి, అందున్నది రాగి కాదు, క్రొత్త లోహమని తెలిపెను. దయ్యము పోయినది గాని దాని పేరు మాత్రము లోహమునకు నిలిచిపోయినది.

ఈ లోహము మన యిండ్లకు పరాయిది కాదు. పెద్దల పెట్టెలలో 1947 నాటి పులిబొమ్మ రూపాయి యున్నచో అది అచ్చపు నికెల్. అయస్కాంతమునకు అంటుకొనును. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణెములు వచ్చిన పిమ్మట వెలువడిన పది, అయిదు, రెండు నయాపైసల బిళ్లలలో మూడు పాళ్లు రాగి, ఒక పాలు నికెల్. అవి అయస్కాంతమునకు అంటవు. జర్మన్ వెండి యని కొను పళ్లెములలో రాగి, నికెల్, జింకు కలవు. వెండి యెంతమాత్రమును లేదు. పేరును నమ్మి కొన్నవానికి లోహము వేఱొకటి చేతికి వచ్చును.

ఇక మిల్లరైట్. ఇది వెండ్రుకలవలె సన్నని సూదులై, రాతి పగుళ్లలోను బొఱియలలోను కుచ్చులు కుచ్చులుగా పెరుగును. ఇత్తడివంటి పసుపువన్నె, లోహపు నిగారింపు గలది. అమెరికాలోని కియోకక్ ప్రాంతమున దొరకు గుండ్రాళ్లను పగులగొట్టినపుడు, కొన్నిటి గుల్లలో ఈ పసిడి వెండ్రుకలు కానవచ్చును. కెంటకీ రాష్ట్రమున సున్నపురాతి బొఱియలలోను, వేల్స్ దేశపు బొగ్గు గనుల పొరలలోను ఇది లభించినది. పూర్వులు దీనిని వెండ్రుక మాక్షికమను అర్థము గల పేరుతో పిలిచిరి. కొందఱు పండితులు సహజముగా దొరకు శుద్ధ నికెల్ అనియే భావించిరి. రసాయన పరీక్షలో గంధకము బయటపడిన తరువాత గాని ఆ భ్రాంతి తొలగలేదు.

1845లో ఆస్ట్రియా దేశపు హైడింగర్ పండితుడు దీనికి మిల్లరైట్ అని పేరు పెట్టెను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఖనిజశాస్త్రాచార్యుడైన విలియం హాలోస్ మిల్లర్ (1801–1880) గౌరవార్థము పెట్టిన పేరిది. స్ఫటికముల ఒక్కొక్క ముఖమును మూడు చిన్న అంకెలతో గుర్తించు పద్ధతిని 1839లో ప్రచారమునకు తెచ్చినవాడు ఆయనయే. సర్వే నంబరుతో పొలమును గుర్తించు మావంటి లెక్కలవారికి ఆ పద్ధతి సులభముగ బోధపడును.

దీని గుణములను వరుసగా చెప్పెదను. నూఱు పాళ్ల బరువులో నికెల్ 64.7, గంధకము 35.3. కాఠిన్యము మూడు మొదలు మూడున్నర. ఈ కొలతలో వజ్రము పది, గోరు రెండున్నర. సమానమైన నీటికంటె అయిదుంపాతిక మొదలు అయిదున్నర రెట్లు బరువు. పూత లేని పింగాణి పెంకుపై గీచినచో గీటు పసుపు కాదు, పచ్చదనము గలిసిన నలుపు. పైకి ఇత్తడి, గీటున నలుపు! కంసాలి గీటురాయి బంగారము విషయమున చేయు పనినే ఈ పెంకు ఖనిజముల విషయమున చేయును.

గుణములు తెలిసిన పిదప వర్గము నిర్ణయింపవలెను. పూర్వపు సెటిల్మెంటు లెక్కలలో భూమిని తరములుగా విభజించినపుడు ఆనాడు నిలిచియున్న పైరును జూడలేదు. నల్లరేగడియా, ఎఱ్ఱనేలయా యని మట్టిని జూచిరి. బంగారు చేను అని వాడుక పేరున్నంత మాత్రమున తరము మారలేదు. ఖనిజముల లెక్కయు నట్టిదే. లోహముతో గూడినది గంధక మొక్కటియేనా, లేక ప్రాణవాయువును గలసినదా యని మొదట చూతురు. వినుకొండ దగ్గరి అగ్నిగుండాల సీసపు ఖనిజము గెలీనాలో సీసము, గంధకము మాత్రమే కలవు. అది సల్ఫైడు. గడివేముల దగ్గర పూర్వులు రాగి త్రవ్విన ఊరున్నది; దాని పేరే గని. రాగి, ఇనుము, గంధకము కలిసిన చాల్కోపైరైట్ అను రాగి ముడియు సల్ఫైడే. మన రాయలసీమలో జగత్ప్రసిద్ధమైన మంగంపేట ముగ్గురాయిలోను గంధకము కలదు. కాని దానితో ప్రాణవాయువు చేరుటచే అది సల్ఫైడు కాదు, సల్ఫేటు. గంధకమున్నది గదా యని అన్నిటిని ఒక ఖాతాలో వ్రాయరాదు.

నికెల్ సల్ఫైడులలోను పాళ్లను బట్టి భేదములు కలవు. మూడు పాళ్ల నికెలునకు రెండు పాళ్ల గంధకమైన హీజిల్‌వుడైట్. ఒకటికి ఒకటియైన మిల్లరైట్. మూడింటికి నాలుగైన పాలిడిమైట్. ఒకటికి రెండైన వేసైట్. సామాన్యముగా లోహము తీయుటకు వాడు పెంట్లండైటులో ఇనుమును కలిసియుండును. కెనడాలోని సడ్బరీ దానికి ప్రసిద్ధి.

పాళ్లు సరిపోయినను పని ముగియదు. అణువుల కూర్పును గూడ చూడవలెను. వజ్రమును, పెన్సిలులోని నల్లసీసమును అచ్చముగా కర్బనమే. కూర్పు వేఱగుటచే ఒకటి కిరీటమున, మఱియొకటి కాగితముపై నిలిచినవి. అట్లే ఒకటికొకటిగా కలిసిన నికెల్ గంధకములు 379 డిగ్రీలకు మించిన వేడిలో ఒక కూర్పున నుండును. అచ్చట ఒక్కొక్క నికెల్ అణువు చుట్టును ఆఱు గంధకపు అణువులు. చల్లబడి మిల్లరైట్ కూర్పునకు వచ్చినపుడు అయిదు. ఈ మార్పులో పదార్థము నూటికి రెండు మొదలు నాలుగు పాళ్లు ఉబ్బును.

ఇది పండితుల ముచ్చట మాత్రమే యనుకొనరాదు. గట్టిపఱచిన అద్దము తయారగునపుడు అందు నికెల్ సల్ఫైడు నలుసు చిక్కినచో, త్వరగా చల్లార్చుటచే అది వేడి కూర్పుననే నిలిచిపోవును. పిమ్మట నెలలకో, ఏండ్లకో మెల్లగా మిల్లరైటుగా మారి ఉబ్బును. అప్పుడు ఎవరును తాకకయే అద్దము తునకలై రాలును. ఆస్ట్రేలియాలో బాలంటైన్ అను పరిశోధకుడు 1961లో ఈ కారణమును వెల్లడించెను. ఆవగింజకంటె చిన్న నలుసు నిలువెత్తు తలుపును కూల్చుచున్నది! అందుచే మేలైన అద్దములను ముందే మరల వేడిచేసి పరీక్షించి, దోషమున్నవాటిని కర్మాగారముననే పగులనిత్తురు.

మన పూర్వులును వర్గీకరణ నెఱిగినవారే. రసరత్నసముచ్చయమున అభ్రకము, వైక్రాంతము, మాక్షికము, విమలము మొదలగు ఎనిమిదియు మహారసములు, గంధకము ఉపరసములలోనిది. గంధకము కలిసిన మాక్షిక మొక వర్గమున, గంధకము వేఱొక వర్గమున నుండుట తప్పు కాదు. రసవాదమునందలి ఉపయోగమును బట్టి వారు విభజించిరి. నేటివారు లోపలి కూర్పును బట్టి విభజించుచున్నారు. దేనిని ప్రమాణముగా గొన్నారో తెలిసికొని చదివినచో రెండు గ్రంథములును మనకు గురువులే.

తుదకు మన చేతనైన పరీక్ష యొకటి మనవి చేసెదను. రాతిని దారమున గట్టి గాలిలో తూచుడు. పిమ్మట నీట ముంచి వ్రేలాడుచుండగా తూచుడు. గాలిలో 53 గ్రాములు, నీటిలో 43 గ్రాములు తూగినచో తగ్గినది 10. యాభై మూడును పదిచే భాగింప 5.3. మేలిమి బంగారమునకు ఈ లెక్క 19.3, వజ్రమునకు 3.5, పలుగురాతికి 2.65. వజ్రమని తోచిన రాతిని సుత్తితో కొట్టి మాత్రము పరీక్షింపకుడు. వజ్రము గీతకు లొంగదు గాని దెబ్బకు పగులును. గట్టిదనము వేఱు, పగులకుండుట వేఱు.

ఈ లెక్కకు దారము, త్రాసు, నీళ్లు చాలును. అవి అందఱి యిండ్లలోను కలవు. తఱుగును ఏమి చేయవలెనో చెప్పు పుస్తకము మాత్రము అందఱి యిండ్లలో లేదు. ఈ గ్రంథాలయమున నుండవలెను. ఇకమీదట కథలు, పురాణములతోపాటు ఖనిజములను, నేలలను గుఱించిన తెలుగు గ్రంథములను గూడ తెప్పింపుడని కార్యవర్గమువారిని ప్రార్థించుచున్నాను. తొలకరికి చేలలోనికి పోవు మన బిడ్డలు వాటిని చదివి పోవుదురు గాక!