ఒకే ముసుగు, అనేక హస్తాలు: ఫాంటమ్ చిత్రణ చరిత్ర

(బాపు స్మృతికి అంకితంగా ఆక్లాండ్‌లోని బోటనీ డౌన్స్‌లో తెలుగు పాఠకుల కోసం సిద్ధపరచిన స్మారకోపన్యాసం)

బొమ్మల కథలోని వీరుడు ఒక రచయిత ఊహలో పుట్టినప్పటికీ పాఠకుడిని చేరేసరికి అనేకుల చేతులు దాటి వస్తాడు. కథ అల్లేవారు ఒకరైతే, పెన్సిలుతో రూపం కట్టేవారు మరొకరు. ఆ రూపంపై సిరా దిద్దేవారు, రంగులు నింపేవారు, ముఖచిత్రం వేసేవారు, దేశకాలాలను బట్టి పేర్లు మార్చే సంపాదకులు వేరువేరుగా ఉంటారు. వీరందరిలో మొదటివారినే కర్తగా గుర్తించి తక్కినవారిని అలంకారకర్తలుగా లెక్కగట్టడం విమర్శకు అలవాటు. ముళ్లపూడి వెంకటరమణ మాట ఎక్కడ ఆగి బాపు గీత ఎక్కడ మొదలవుతుందో 'బుడుగు'లో తేల్చి చెప్పలేని తెలుగు పాఠకులకు ఈ అలవాటులోని లోపం ఇట్టే అర్థమవుతుంది. బాపు (1933–2014) స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసం ఆ లోపాన్ని ఒక ప్రసిద్ధ కామిక్స్ వీరుడి చరిత్ర ఆధారంగా పరిశీలిస్తుంది. ఆ వీరుడు ఫాంటమ్. అతణ్ణి ఎన్నుకోవడానికి రెండు కారణాలున్నాయి: ఒకే రచయిత ఆరు దశాబ్దాలకు పైగా రాసిన కథకు చిత్రకారులు మారుతూ రావడం వల్ల రచన, చిత్రణ అనే రెండింటినీ విడదీసి పోల్చడానికి అరుదైన వీలు కలుగుతుంది, అటు భారతదేశంలోనూ ఇటు దక్షిణ పసిఫిక్‌లోనూ అతడికి స్వదేశమైన అమెరికాను మించిన ఆదరణ దక్కింది.

ఫాంటమ్‌ను సృష్టించిన లీ ఫాక్ (1911–1999) అంతకు ముందే, 1934లో, మాండ్రేక్ అనే ఇంద్రజాలికుడి కథను ప్రారంభించినవాడు. నాటక ప్రయోక్తగా కూడా పేరున్నవాడు. 1936 ఫిబ్రవరి 17న ఫాంటమ్ దినపత్రికల స్ట్రిప్‌గా మొదలైంది. స్ట్రిప్ అంటే రోజుకు మూడు నాలుగు గడుల చొప్పున నెలల తరబడి సాగే బొమ్మల ధారావాహిక. దాన్ని ఒక సంస్థ తయారుచేయించి అనేక పత్రికలకు ఏకకాలంలో సరఫరా చేస్తే ఆ సంస్థను సిండికేట్ అంటారు. ఫాంటమ్‌ను సరఫరా చేసింది కింగ్ ఫీచర్స్ సిండికేట్. సూపర్‌మాన్ 1938లో, బాట్‌మాన్ 1939లో రాగా, ఒంటికి అతుక్కునే దుస్తులు, కనుపాపలు కనబడని ముసుగు అనే వేషం వారికంటే ముందే ఈ కథలో స్థిరపడింది. ఆ వేషం వెనుక అతీంద్రియ శక్తి ఏదీ లేదు. 1536లో సముద్రపు దొంగల దాడిలో ప్రాణాలతో మిగిలిన ఒక యువకుడు తన తండ్రిని చంపినవాడి పుర్రెపై ప్రమాణం చేసి, దొంగతనాన్నీ క్రౌర్యాన్నీ రూపుమాపే వ్రతం పట్టాడనీ, తండ్రి తరువాత కొడుకు అదే ముసుగు ధరిస్తూ వచ్చినందువల్ల చావులేని ఒకే మనిషి నాలుగు వందల ఏళ్లుగా అడవిలో తిరుగుతున్నాడని జనం నమ్ముతున్నారనీ, ఇప్పటివాడు ఇరవయ్యొకటోవాడనీ ఫాక్ కల్పించాడు. మొదటి కథ నడుస్తున్నప్పుడు ఈ వీరుణ్ణి న్యూయార్క్‌కు చెందిన ఒక విలాసపురుషుడి రహస్య రూపంగా చూపాలనుకుని, మధ్యలోనే ఆ ఆలోచన మానుకుని అడవికి మళ్లించినవాడు కూడా ఫాక్. కథకుడి చేతిలోనే పాత్ర ఇలా కుదురుకోకముందే మారుతూ ఉండగా, దానికి కళ్లకు కట్టే రూపం ఇచ్చే పని చిత్రకారుడిపై పడింది.

తొలి చిత్రకారుడు రే మూర్ అప్పటికి మాండ్రేక్ బొమ్మల్లో సహాయకుడిగా పనిచేస్తున్నవాడు. అతడి గడుల్లో నలుపు రాజ్యమేలుతుంది. ఫాంటమ్ తరచు నీడలోనో, పొగలోనో, వెనుక నుంచి పడే వెలుగులోనో నిలబడి, సగం ఆకారంగా మాత్రమే కనిపిస్తాడు. వీరుడి ముఖం కంటే అతణ్ణి చూసి జడుసుకునేవాళ్ల ముఖాలకు ఎక్కువ వెలుగు పడుతుంది. జనం ప్రేతంగా భావించే మనిషి గురించిన కథకు ఇంతకంటే తగిన చిత్రణ ఊహించడం కష్టం, ఎందుకంటే ఇక్కడ పాఠకుడు కూడా ఆ జనంలో ఒకడిగా, వదంతి విన్నవాడిగా నిలబడతాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో మూర్ సైన్యంలో చేరడంతో పని క్రమంగా విల్సన్ మెకాయ్ చేతికి వచ్చింది. 1961లో మరణించేవరకు అతడే గీశాడు. మెకాయ్ గీత మందంగా, సూటిగా, కొంత అమాయకంగా ఉంటుంది. నీడలు తగ్గాయి, పరిసరాల వివరం తగ్గింది, అవయవాల పొందికలో లోపాలు కూడా కనిపిస్తాయి. దీన్ని అతడి అసమర్థతగా కొట్టిపారేసేవారు గమనించని విషయం ఒకటుంది: మూర్ భయపెట్టే ఫాంటమ్‌ను చూపగా, మెకాయ్ కుక్క, గుర్రం, పుర్రె గుహ, బండర్ అనే పొట్టి మనుషుల తెగ చుట్టూ ఉండగా తన ఇంట్లో తాను మసలుకునే ఫాంటమ్‌ను చూపాడు, జానపద కథలోని రాజుకు ఉండే చనువును అతడికి తెచ్చిపెట్టాడు.

1961లో పగ్గాలు చేపట్టి 1994 వరకు కొనసాగిన సై బారీ మూడో ఫాంటమ్‌ను తయారుచేశాడు. ప్రపంచంలో అత్యధిక పాఠకుల మనస్సులో ముద్రపడిన రూపం ఇదే. కండరాల నిర్మాణం, వస్త్రపు ముడతలు, వాహనాలు, తుపాకులు, భవనాలు నిశితంగా గీసే ఈ పద్ధతిలో వీరుడు వదంతిగా ఉండడం మానేసి, పట్టపగలు పనిచేసే ఆధునిక పురుషుడయ్యాడు. అదే కాలంలో ఫాక్ తన కథాస్థలాన్ని కూడా సవరించడం యాదృచ్ఛికం కాదు. తొలి కథల్లో బెంగాల్‌ను గుర్తుచేసే పేరుతో, సింగ్ అనే పేరుగల దొంగల ముఠాలతో ఆసియా తీరంగా కనిపించిన ఆ ప్రాంతం 1960 దశకంలో బంగల్లా అనే స్వతంత్ర ఆఫ్రికా దేశంగా స్థిరపడింది. ఎన్నికైన అధ్యక్షుడిగా లమాండా లువాగా అనే నల్లజాతి నాయకుడు వచ్చాడు. ప్రేయసి డయానా పామర్ ఐక్యరాజ్యసమితి ఉద్యోగిని అయింది, 1977లో వారి పెళ్లి జరిగింది. తెల్లజాతివాడు అడవిని కాపాడుతూ స్థానికుల భక్తిని అందుకునే కథ వలస పాలనకు చక్కని ఊతమన్న విమర్శకు ఫాక్ ఇచ్చిన జవాబు ఇది. జవాబు పూర్తి కాదు. అధ్యక్షుడు వచ్చినా పుర్రె గుహలోని సింహాసనం ఖాళీ కాలేదు. అయినప్పటికీ బారీ గీసిన సూటు ధరించిన లువాగా, అతడి కార్యాలయం, రాజధాని వీధులు లేకపోతే ఫాక్ చేసిన సవరణ మాటల్లోనే మిగిలిపోయేదని అంగీకరించక తప్పదు.

రంగు విషయంలో కర్త ఎవరన్న ప్రశ్న మరింత చిక్కుపడుతుంది. దినపత్రికల్లో బొమ్మలు నలుపు తెలుపుల్లో వచ్చినంతకాలం దుస్తుల రంగు పాఠకుడి ఊహకే వదిలివేయబడింది. ఫాక్ మనస్సులో ఉన్నది బూడిదరంగు. 1939 మేలో ఆదివారపు రంగుల పుట మొదలైనప్పుడు అచ్చులో ఊదారంగు పడింది, అదే నిలిచిపోయింది. సిండికేట్ విదేశాలకు పంపిన నలుపు తెలుపు ప్రతులకు అక్కడివారు తమకు తోచిన రంగులు వేసుకోవడంతో స్కాండినేవియాలో నీలం ఫాంటమ్, ఇటలీ, టర్కీ, బ్రెజిల్ దేశాల్లో ఎర్ర ఫాంటమ్, న్యూజీలాండ్‌లో మొదట్లో గోధుమరంగు ఫాంటమ్ తయారయ్యారు. న్యూజీలాండ్‌లో 1930ల చివరి నుంచి దిగుమతులపై ఆంక్షలుండేవి. 1954లో మాజెన్‌గార్బ్ కమిటీ నివేదిక యువజనుల నడవడిపై దేశవ్యాప్త చర్చను లేపి, ప్రచురణల చట్టాన్ని బిగించడానికి దారితీసింది. కామిక్స్‌పై పెద్దల అనుమానం అంతగా ఉన్న ఆ కాలంలో కూడా ఫాంటమ్ చెక్కుచెదరలేదు. ఆస్ట్రేలియాలో 1936లోనే ఒక స్త్రీల వారపత్రికలో ప్రవేశించిన అతణ్ణి సిడ్నీకి చెందిన ఫ్రూ పబ్లికేషన్స్ 1948 నుంచి పుస్తకాలుగా వేస్తూ వచ్చింది, ఆ పుస్తకాలు టాస్మన్ సముద్రం దాటి ఇక్కడికీ చేరాయి. బోటనీ డౌన్స్ వంటి తూర్పు ఆక్లాండ్ శివార్లలో స్థిరపడిన భారతీయ కుటుంబాల పెద్దలూ, వారి ఇరుగుపొరుగు న్యూజీలాండ్ పెద్దలూ చిన్నతనంలో ఒకే వీరుణ్ణి వేర్వేరు రూపాల్లో చదివి ఉండడానికి మూలం ఈ ప్రచురణ మార్గాలే.

రచయితలు మారినప్పుడు ఏమవుతుందో స్వీడన్ చూపింది. అక్కడ 1950లో మొదలైన 'ఫాంటోమెన్' పత్రిక అమెరికా కథలు చాలక 1960ల నుంచి సొంత కథలు రాయించుకోవడం ప్రారంభించింది. అనేక దేశాల రచయితలూ చిత్రకారులూ ఉన్న ఆ బృందం అసలు స్ట్రిప్‌ను మించిన పరిమాణంలో కథాసాహిత్యాన్ని సృష్టించింది. ఫాక్ ఒక్క వాక్యంలో దాటవేసిన పూర్వ ఫాంటమ్‌ల జీవితాలను వారు చారిత్రక కథలుగా విస్తరించారు, జాతివివక్ష వంటి సమకాలీన విషయాలను తీసుకున్నారు. అమెరికాలో 1988లో పీటర్ డేవిడ్ రచన, జో ఒర్లాండో చిత్రాలతో డీసీ సంస్థ నాలుగు సంచికలు వేసింది. ఆ వెంటనే మార్క్ వర్‌హైడెన్, ల్యూక్ మెక్‌డొనెల్ జంట పదమూడు సంచికల్లో కరువు, విషవ్యర్థాలు, జాతిద్వేషం వంటి శత్రువులను ఫాంటమ్ ఎదుట నిలిపింది. పిడికిలితో గెలవలేని శత్రువు ఎదురైనప్పుడు ఈ పాత్ర పరిమితి స్పష్టంగా బయటపడుతుంది. ఆ సంచికల విలువ అక్కడే ఉంది. ఫాక్ మరణానంతరం స్ట్రిప్ రచనను కొనసాగించిన టోనీ డిపాల్ అంతకు ముందు స్వీడిష్ పత్రికకు కథలు రాసినవాడు కావడం వల్ల, అనువాదంగా బయలుదేరిన శాఖ చివరకు మూలాన్నే పోషించినట్లయింది.

భారతదేశంలో మార్పు సంపాదకుల చేతుల మీదుగా జరిగింది. టైమ్స్ ఆఫ్ ఇండియా ప్రచురణకర్తలైన బెన్నెట్ కోల్‌మన్ సంస్థ 1964 మార్చిలో ఇంద్రజాల్ కామిక్స్‌ను ఫాంటమ్ కథతోనే ప్రారంభించింది, మొదటి ముప్పైరెండు సంచికలూ అతడివే. ఆ ప్రయత్నంలో పాలుపంచుకున్న అనంత్ పై తరువాత 1967లో అమర్ చిత్ర కథను స్థాపించాడు. సింగ్ అనే దొంగల పేరు భారతీయ పాఠకులను నొప్పిస్తుందని 'సింగా'గా, బంగల్లా 'డెంకాలీ'గా మారాయి. హిందీలో వీరుడు వేతాళుడయ్యాడు, బెంగాలీలో అరణ్యదేవ్ అయ్యాడు. లోపలి గడులు మెకాయ్, బారీల అమెరికన్ చిత్రాలే అయినా, ముఖచిత్రాలను గోవింద్ బ్రహ్మానియా రంగుల్లో వేశాడు. పుస్తకం చేతికందగానే మొదట కనబడేది ముఖచిత్రమే కనుక, ఒక తరం భారతీయ పాఠకులకు పరిచయమైన ఫాంటమ్‌లో సగం గోవింద్ సృష్టి. 1976లో ఆబిద్ సుర్తీ రాసిన బహదూర్ అనే స్వదేశీ వీరుడికి రూపం ఇచ్చిందీ ఆ చిత్రకారుడే. ముసుగు లేకుండా, కాషాయరంగు కుర్తా, జీన్స్ ధరించి బందిపోట్లను ఎదుర్కొనే బహదూర్‌ను, అడవిని వారసత్వంగా ఏలే వీరుడికి భారతీయ ప్రచురణ ఇచ్చిన సమాధానంగా చదవవచ్చు. 1990లో ఇంద్రజాల్ కామిక్స్ మాల ఆగిపోయింది.

ఇదే దశాబ్దాల్లో తెలుగు పాఠకుల ముందు ఇందుకు విరుద్ధమైన నమూనా ఒకటుంది. 1947లో నాగిరెడ్డి, చక్రపాణి స్థాపించిన 'చందమామ'లో భేతాళ కథల ప్రారంభ చిత్రం, భుజాన శవంతో కత్తి పట్టి నడిచే విక్రమార్కుడి బొమ్మ, శంకర్ గీతగా స్థిరపడిన తరువాత నెలనెలా కథ మారినా ఆ రూపం మారలేదు. అక్కడ స్థిరంగా ఉన్నది చిత్రం, మారేది కథ. ఫాంటమ్ విషయంలో దశాబ్దాలపాటు స్థిరంగా ఉన్నది కథకుడు, మారినది చిత్రం. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, వీరుడి నిత్యత్వాన్ని మోసేది ఎప్పుడూ రచయితేనన్న భావన నిలవదు.

ఈ చరిత్రలో అన్నిటికంటే స్వతంత్రమైన చిత్రణ ముద్రణాలయం బయట జరిగింది. పపువా న్యూగినీ ఎత్తుభూముల్లోని వాగీ లోయలో 1980లలో తెగల మధ్య పోరాటాలు మళ్లీ రేగినప్పుడు, యోధులు తమ నిలువెత్తు డాళ్లపై ఫాంటమ్ బొమ్మను వేసుకున్నారు. ఆ డాళ్లను మానవశాస్త్రజ్ఞుడు మైకేల్ ఓ'హాన్లన్ అధ్యయనం చేసి, 1993లో లండన్‌లో ప్రదర్శించాడు. టోక్ పిసిన్ భాషలోని 'వాన్‌టోక్' వార్తాపత్రిక అక్కడివారికి ఫాంటమ్‌ను చదివించింది. పూర్వీకుల బలం తరతరాలుగా దిగివస్తుందని నమ్మే సమాజానికి, మరణం లేని యోధుడు డాలుపై ఉండదగినవాడిగా తోచడంలో వింత లేదు. ఇక్కడ ఫాక్ కథ లేదు, అతడి రాజకీయ సవరణ లేదు, సిండికేట్ అనుమతి లేదు. తెల్లవాడు నల్లవారిని కాపాడే కథను, ఎవరిని కాపాడుతున్నట్లు చెప్పారో ఆ కోవకు చెందినవారే తీసుకుని, తమ యుద్ధానికి తమ చేతితో వాడుకున్నారు.

పై పరిశీలన నుంచి తేలే విషయం ఇది: మూర్ నీడ, మెకాయ్ చనువు, బారీ పట్టపగలు, అచ్చువేసినవారి ఊదా, స్వీడన్ చరిత్ర, గోవింద్ ముఖచిత్రం, వాగీ డాలు అనే వాటిలో ఏ ఒక్కటీ అసలు ఫాంటమ్‌కు నకలు కాదు, అడవిని ఏలే హక్కు ఎవరిది, కాపాడేవాడు ఎవరికి జవాబుదారీ అన్న ప్రశ్నకు ఒక్కొక్కటి ఒక్కొక్క సమాధానం. కనుక వీరులను పోల్చేవారు కథాసారాన్ని పోల్చి ఆగిపోకూడదు. గీసినవారెవరు, రంగు వేసినవారెవరు, పేరు మార్చినవారెవరు, ఎవరి అవసరానికి మార్చారు అని వరుసగా అడగాలి. తెలుగులో బొమ్మల కథలకు గ్రంథసూచికలు తయారుచేసేటప్పుడు రచయిత పేరు పక్కన చిత్రకారుడి పేరు, ముఖచిత్రకారుడి పేరు విధిగా నమోదు చేయడం ఈ విమర్శకు తొలి మెట్టు. సంతకం చూడకుండానే గీతను గుర్తుపట్టే పాఠకులను తయారుచేసిన బాపుకు, ఆ సూచికల కంటే ఉపయోగకరమైన స్మారకం మరొకటి ఉండదు.