చికిత్స ముగిసిన పిదప



డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డిగారి కృషితో 1954లో అడయారులో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వెలసిన నగరం మనది. చికిత్సకు దారి ఉన్నది. ఆ తరువాత ఇంటిలో కావలసిన ఓర్పే కొరవ.

రొమ్ము క్యాన్సరుకు రేడియేషన్ పూర్తిచేసుకొన్న స్త్రీలము మేము. ఆఖరి రోజు కాగానే "గండం గడిచింది గదా" అని వంటిల్లు అప్పగిస్తారు. కాని చర్మపు కమిలిక మరి ఒకటి రెండు వారాలు హెచ్చి, పిదప తగ్గుతుంది. నీరసం వారాలు, ఒక్కొక్కరికి నెలలు ఉంటుంది. అది సోమరితనం కాదు. రోజూ కొంత నడక, వైద్యులు చెప్పిన చేతి వ్యాయామం మేలు చేస్తాయి. చేయి వాచినా, జ్వరం వచ్చినా వైద్యులకు చూపాలి. బయటినుండి యంత్రంతో ఇచ్చిన కిరణాలు ఒంటిలో నిలువవు. పసివాళ్ళను మా ఒడికి రానివ్వండి.

ఈ ఉగాదికి మేము కోరేది కొత్తచీర కాదు. బరువులెత్తే పని, పొయ్యి దగ్గరి పని కొన్నాళ్ళు మీరందుకోండి. ఓపిక రాగానే పచ్చడి మేమే కలుపుతాము.