మన గెడ్డ సముద్రం దాకా పోతుంది

(జూన్ 8, ప్రపంచ సముద్రాల దినోత్సవం సందర్భంగా ఆదివాసీ యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సముద్రాల దినోత్సవం అంటూ కొండ మీద మీటింగ్ పెట్టడం ఏంటని కొంతమంది అడిగారు. "మనకి పట్టాల సమస్య ఉంది, రోడ్ల సమస్య ఉంది, గర్భిణుల్ని ఇంకా డోలీలో మోస్తున్నాం. సముద్రం సంగతి మత్స్యకారులు చూసుకుంటారు కదా" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పడానికే నేను ఇక్కడ నిలబడ్డాను.

జల్, జంగల్, జమీన్. కొమురం భీం పేరు తలుచుకుని ప్రతి సభలో మనం ఇచ్చే నినాదం ఇది. ఇందులో మొదటి మాట జల్. భూమికి సర్వే నంబరు ఉంటుంది, అడవికి హద్దు రాయి ఉంటుంది. నీటికి అవేవీ ఉండవు. మన ఊటలో పుట్టిన నీళ్లు ఎక్కడిదాకా పోతాయో అక్కడిదాకా మన మాట కూడా పోవాలి. ఆ నీళ్లు చివరికి చేరేది సముద్రానికే.

దూరం ఎందుకు, గోస్తనినే చూడండి. అనంతగిరి కొండల్లో పుడుతుంది. బొర్రా గుహల కింద పారుతుంది. కటికి దగ్గర జలపాతమై దూకుతుంది. అక్కడి నుంచి దిగి విజయనగరం జిల్లాలో తాటిపూడి జలాశయానికి చేరుతుంది. ఆ జలాశయం నీళ్లు విశాఖపట్నం జనం తాగుతున్నారు. చివరికి భీమిలి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. భీమిలి బీచ్‌లో ఫోటో దిగేవాళ్లకి ఆ నది ఏ కొండ నుంచి వచ్చిందో తెలియకపోవచ్చు. మనకి తెలుసు.

ఇప్పుడు అదే దారిలో ఒక చిప్స్ ప్యాకెట్‌ని పంపిద్దాం. సెలవు రోజుల్లో బొర్రాకి, కటికికి, అరకుకి ఎన్ని కార్లు, ఎన్ని బస్సులు వస్తాయో మీకు నేను చెప్పక్కర్లేదు. నీళ్ల బాటిళ్లు, బిర్యానీ డబ్బాలు, కప్పులు గెడ్డ ఒడ్డునే వదిలి పోతారు. మొదటి వాన పడగానే అవి గెడ్డలోకి దిగుతాయి. కొన్ని రాళ్ల మధ్య చిక్కుకుంటాయి, కొన్ని జలాశయంలో ఆగిపోతాయి. మిగిలినవి వరదతో పాటు కిందికి పోతాయి. దారిలో ఉన్న ఊళ్లు, పట్టణాలు తమ చెత్త కలుపుతాయి. అదంతా కలిసి సముద్రంలో పడుతుంది.

ప్లాస్టిక్ కుళ్లదు. ఎండకి, అలలకి పగిలి ముక్కలవుతుంది. 5 మిల్లీమీటర్ల కంటే చిన్న ముక్కల్ని మైక్రోప్లాస్టిక్ అంటారు. వాటిని చేప మింగుతుంది, ఆ చేపని మనం తింటాం. తేలుతున్న కవర్ని చూసి తాబేలు జెల్లీ చేప అనుకుని మింగుతుంది. ప్రతి ఏడాది చలికాలం చివర్లో మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లకి ఇది ప్రాణాల మీదికి తెచ్చే సంగతి.

ఇది ఒక్క గోస్తని కథ కాదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క ప్రకారం ఏటా 1.9 కోట్ల నుంచి 2.3 కోట్ల టన్నుల ప్లాస్టిక్ చెత్త చెరువుల్లోకి, నదుల్లోకి, సముద్రాల్లోకి చేరుతోంది. నదుల మీదుగా సముద్రంలోకి పోయే ప్లాస్టిక్‌లో 80 శాతం వెయ్యికి పైగా నదుల నుంచి పోతోందని 2021లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. పెద్ద పెద్ద నదులే కాదు, పట్టణాల మధ్య నుంచి పారే చిన్న నదులు కూడా అందులో ముందున్నాయి. అంటే సముద్రాన్ని ఒడ్డున నిలబడి మాత్రమే కాపాడలేం. భూమి మీద తయారయ్యే ఆక్సిజన్‌లో దాదాపు సగం సముద్రం నుంచే, ఎక్కువగా అందులోని కంటికి కనిపించని జీవుల నుంచే వస్తుందని శాస్త్రవేత్తలు చెప్తున్నారు. కాబట్టి కొండ మీద ఉన్నా, ఒడ్డున ఉన్నా ఇది అందరి ఊపిరి సంగతి.

ఇక ఈ చెత్త ఎవరిది? మన సంతల్లో కూడా ఇప్పుడు రూపాయి షాంపూ ప్యాకెట్లు, గుట్కా ప్యాకెట్లు వేలాడుతున్నాయి. ప్యాకెట్లు తెచ్చే బండి ప్రతి సంతకీ వస్తుంది. ఖాళీ ప్యాకెట్లు తీసుకెళ్లే బండి ఒక్కసారి కూడా రాదు. పొరలు పొరలుగా అతికించిన ఆ ప్యాకెట్లకి పాత సామాన్లవాడు పైసా ఇవ్వడు, అందుకే ఎవరూ ఏరరు. ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణకి 2016లో వచ్చిన నిబంధనలు, తయారుచేసిన కంపెనీలకే వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత పెట్టాయి. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు దేశమంతా నిషేధం. మరి పర్యాటక కేంద్రాల దగ్గర ఆ నిషేధం ఎంత కనిపిస్తోందో మీరే చెప్పండి.

అక్కలూ, చెల్లెళ్లూ, ఇక్కడ మీ గురించి ఒక మాట చెప్పాలి. అడవికి పోయి అడ్డాకు కోసి, ఎండబెట్టి, పుల్లలతో కుట్టి విస్తర్లు చేసి అమ్మేది మీరే. ప్లాస్టిక్ విస్తరి, థర్మాకోల్ ప్లేటు వచ్చి ఆ బేరాన్ని దెబ్బతీశాయి. అంటే సముద్రంలో తాబేలు గొంతుకి అడ్డం పడిందీ, మీ కూలి డబ్బులకి అడ్డం పడిందీ ఒకటే ప్లాస్టిక్. అడ్డాకు విస్తరి గెడ్డలో పడితే కుళ్లి మట్టి అవుతుంది. మనం పాతకాలం వాళ్లమని నవ్వినవాళ్లు ఇప్పుడు దాన్నే పట్నం హోటళ్లలో ఎక్కువ ధరకి అమ్ముతున్నారు. ఆ ధర కుట్టిన చేతికి రావాలి.

ప్లాస్టిక్ తర్వాత ఇంకో పెద్ద ముప్పు మట్టి. కొండ తలని గనుల కోసం కోస్తే, చెట్లు పోయాక వానకి మట్టి నిలవదు. గెడ్డలు ఎర్రగా పారతాయి, ఊటలు ఎండిపోతాయి. బాక్సైట్ ఉన్న మన కొండలు వాననీటిని స్పాంజిలా పట్టి ఉంచి ఎండాకాలం దాకా మెల్లగా వదులుతాయని మన పెద్దలకి ఎప్పటినుంచో తెలుసు. ఆ కొండ పోతే ముందు మన ఊరి కుండ ఎండుతుంది, తర్వాత కింద రైతు కాలువ, ఆ తర్వాత నది కలిసే చోట చేప పిల్లలు పెరిగే తావు. నది నీళ్లూ సముద్రం నీళ్లూ కలిసే ఆ మొగల్లోనే ఎన్నో రకాల చేపలు, రొయ్యలు పిల్లలుగా పెరుగుతాయి.

మరి ఆ కొండల్ని ఇప్పటిదాకా కాపాడింది ఎవరు? బొర్రా చుట్టుపక్కల ఊళ్లలో ఇచ్చిన గనుల లీజుల మీద సమత సంస్థ కోర్టుకి వెళ్తే, 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి లీజుకి ఇవ్వడం చెల్లదని చెప్పింది. దాన్ని మనం భూమి తీర్పు అంటాం. అది గోస్తని తీర్పు కూడా. అంటే భీమిలి తీరానికి మేలు చేసిన తీర్పు.

ఒడిశాలో నియమగిరి చూడండి. 2013లో సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని గ్రామసభలకే వదిలింది. 12 గ్రామసభలు జరిగాయి. 12కి 12 బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. ఆ కొండల గెడ్డలు వంశధారలో కలుస్తాయి. వంశధార మన శ్రీకాకుళం జిల్లాలో కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. డోంగ్రియా కోందులు తమ దేవుడి కొండని కాపాడుకున్నారు. ఆ మేలు ఎప్పుడూ కొండ ఎక్కని కళింగపట్నం మత్స్యకారుడికి కూడా అందింది.

అటవీ హక్కుల చట్టం 2006 అంటే పట్టా కాగితం ఒక్కటే అనుకుంటున్నాం. సెక్షన్ 5 చదవండి. పరీవాహక ప్రాంతాల్ని, నీటి వనరుల్ని కాపాడే అధికారం, బాధ్యత హక్కుదారులకి, గ్రామసభకి ఆ సెక్షన్ ఇచ్చింది. సమాజ వనరుల్ని కాపాడుకునే శక్తి గ్రామసభకి ఉందని 1996 పెసా చట్టం చెప్తోంది. సముద్రాన్ని కాపాడే చట్టాల జాబితాలో ఈ రెండింటినీ ఎవరూ రాయరు. మనం రాద్దాం.

మత్స్యకారుల గురించి కూడా ఆలోచించండి. మనకి 2006 చట్టం ఉంది. వాళ్లకి సముద్రం మీద అలాంటి హక్కుల చట్టం లేదు. ఫార్మా వ్యర్థాల పైపులైన్లు సముద్రంలోకి వేయొద్దని అనకాపల్లి తీరంలో వాళ్లు ధర్నాలు చేశారు. మన దగ్గరా, వాళ్ల దగ్గరా ఒకే మాట చెప్తారు: అభివృద్ధి కోసం కొంచెం త్యాగం చేయండి అని. త్యాగం ఎప్పుడూ మనవైపు నుంచే ఎందుకు? పాత జాలర్లు నడిసముద్రంలో ఒడ్డున కనిపించే కొండల్ని గురుతు పెట్టుకుని తమ చోటు కనుక్కుంటారు. వాళ్లు కొండని చూసి ఇల్లు చేరుతున్నారు. మనం కూడా ఒకసారి వాళ్లవైపు చూడాలి.

అందుకే ఈ సభ నుంచి మూడు పనులు తీసుకెళ్దాం.

ఒకటి. వచ్చే గ్రామసభలో మీ ఊరి ఊటల పేర్లు, గెడ్డల పేర్లు అన్నీ రాసి, సెక్షన్ 5 కింద తీర్మానం చేయండి. పేరు లేని గెడ్డని ఎవరైనా ఖాళీ భూమి అని రాసేస్తారు.

రెండు. పర్యాటకుల దగ్గర వసూలు చేసే డబ్బులో చెత్త తీసే పనికి వాటా ఎంతో పంచాయతీని లెక్క అడగండి. జలపాతాల దగ్గర కొట్లలో అడ్డాకు విస్తరి తప్ప వేరేది ఉండకూడదని తీర్మానం చేయండి. ఆ విస్తర్లు మన మహిళా సంఘాల దగ్గరే కొనాలి.

మూడు. ప్రతి మండలం నుంచి పదిమంది యువకులు, యువతులు ఒక మత్స్యకార గ్రామానికి వెళ్లండి. చెత్త ఏరి ఫోటో దిగడానికి కాదు. వాళ్ల వలలో చేపతో పాటు ఏం పడుతోందో చూడటానికి, వాళ్ల పోరాటం వినడానికి. తర్వాత వాళ్లని మన కొండకి పిలవండి. వాళ్ల సముద్రానికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూపించండి.

గెడ్డ మనది, నది అందరిది. పైన ఉన్నవాళ్లం మనం, కాబట్టి మొదటి కాపలా మనదే.

జల్, జంగల్, జమీన్! జై ఆదివాసీ!